చూసుకునేవారిని ఎవరు చూసుకోవాలి?

కుటుంబ పాఠం: వికలాంగుల హక్కులు, వారి ఇంటివారికి మన తోడ్పాటు

గత సంచికలలో మూర్ఛ గురించి, పక్షవాతం గురించి, పిల్లలలో ఎదుగుదల ఆలస్యం కావడం గురించి తెలుసుకున్నాము. ఈసారి పాఠం మంచం మీద ఉన్న మనిషితో పాటు ఆ మంచం పక్కన ఉండే మనిషి గురించి కూడా.

మా ఫిజియోథెరపీ విభాగానికి నడుము నొప్పితో వచ్చే స్త్రీలను "ఇంట్లో బరువులు ఎత్తుతారా అమ్మా?" అని అడుగుతాము. "ఏమీ లేవండీ" అనే జవాబు తరచుగా వస్తుంది. ఇంకొంచెంసేపు మాట్లాడితే, నడవలేని పదమూడేళ్ల కొడుకును రోజుకు ఎనిమిది పది సార్లు మంచం మీదినుంచి కుర్చీలోకి, కుర్చీలోనుంచి స్నానాల గదిలోకి ఎత్తుకుని తీసుకువెళుతున్నట్టు బయటపడుతుంది. కన్నకొడుకును బరువు అని ఏ తల్లీ అనదు, అందుకే చెప్పదు. ఆసుపత్రి చీటీ మీద పిల్లవాని పేరు ఉంటుంది, ఆమె పేరు ఉండదు. కాని ఆమె నడుము పట్టేసిన రోజున ఆ పిల్లవానికి స్నానం లేదు, బడి లేదు, మందు వేళకు అందదు. అతనికి చట్టం ఇచ్చిన హక్కులన్నీ ఆ ఒక్క నడుము మీద ఆధారపడి ఉన్నాయి. వికలాంగుని హక్కులను, అతనిని చూసుకునేవారి ఆరోగ్యాన్ని వేరువేరు సంగతులుగా చూడకూడదని మా అభిప్రాయం.

నింద ఎవరి మీద పడుతోంది?

మన భాషలోనే నింద దాగి ఉంది. పెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణపు మొర్రి అంటాము. గ్రహణం వేళ తల్లి బయట తిరిగిందనో, కత్తిపీట ముట్టిందనో ఆ మాటకు అర్థం. గ్రహణానికీ పెదవికీ ఏ సంబంధమూ లేదు. గర్భంలో మొదటి రెండు మూడు నెలల్లో ముఖం ఏర్పడేటప్పుడు రెండు వైపులా సరిగా అతుక్కోకపోవడం వల్ల అలా జరుగుతుంది, శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. అలాగే సెరిబ్రల్ పాల్సీ అనే మెదడు సంబంధమైన లోపం నెలలు నిండకుండా పుట్టడం వల్ల, కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం వల్ల, పుట్టిన కొద్ది రోజులకు పచ్చకామెర్లు బాగా ముదరడం వల్ల, మెదడువాపు వంటి జబ్బుల వల్ల రావచ్చు. కొన్నిసార్లు కారణం తెలియదు. మేనరికపు పెళ్లిళ్లలో కొన్ని రకాల జన్యు లోపాలు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజమే. అయితే ఆ పెళ్లి కుదిర్చింది పెద్దలు, మాటలు పడేది కోడలు ఒక్కతే!

మా దగ్గరకు వచ్చే తల్లులలో కొందరు బిడ్డ జబ్బు కంటే అత్తవారింటి మాటలకే ఎక్కువ కుంగిపోయి ఉంటారు. కొందరు భర్తలు విడిచి వెళ్లిపోతారు. అందుచేత డాక్టరు గారు జబ్బు గురించి వివరించే రోజున తండ్రి, అత్తగారు కూడా గదిలో ఉండాలని కోరుతున్నాము. ఇది తల్లి తప్పు కాదు అనే మాట డాక్టరు నోట వారు వింటే, ఇంటికి వెళ్లిన తరువాత ఆమె దానిని ఒంటరిగా వాదించుకోనక్కరలేదు.

పిలుపు సంగతి కూడా చెప్పుకోవాలి. వెనుకటి చట్టంలో, మన అలవాటులో ఉన్న మాట వికలాంగులు. ఇప్పుడు ప్రభుత్వ కాగితాలలో దివ్యాంగులు అనీ, ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతులు అనీ రాస్తున్నారు. ఏ మాట మంచిదన్న చర్చ వారిలోనే ఉంది. మేమైతే మనిషిని పేరుతో పిలవడమే మేలంటాము. కుంటివాడు, మూగది, పిచ్చోడు అన్నవి పేర్లు కావు. 2016 నాటి చట్టం 92వ సెక్షన్ ప్రకారం నలుగురిలో అవమానించాలనే ఉద్దేశంతో వికలాంగుని కించపరిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. ఈ సంగతి చాలా గ్రామాలలో పెద్దమనుషులకే తెలియదు.

చట్టం ఎలా వచ్చింది, ఏమి చెబుతుంది

ఈ హక్కులు ఎవరో జాలిపడి ఇచ్చినవి కావు. 1995 డిసెంబరులో వికలాంగులు, వారి కుటుంబాలవారు ఢిల్లీ వీధులలోకి వచ్చి పట్టుబట్టిన తరువాతే పార్లమెంటు మొదటి వికలాంగుల చట్టాన్ని ఆమోదించింది. అందులో ముందు నిలిచినవారిలో చక్రాల కుర్చీలో తిరిగే జావేద్ అబిదీ ఒకరు. 2018లో ఆయన మరణించారు. 2001 జనాభా లెక్కలలో వికలాంగులను లెక్కించే ప్రశ్న చేర్చించడానికి కూడా వీరు పోరాడవలసి వచ్చింది. లెక్కలో లేనివారికి నిధులు ఎవరు కేటాయిస్తారు? 2011 లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా వికలాంగులు ఉన్నారు. ప్రతి ఒక్కరి వెనుకా ఒక ఇల్లు ఉందని గుర్తుంచుకుంటే ఈ పాఠం ఎంతమందికి సంబంధించినదో తెలుస్తుంది.

1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన కొత్త చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. దానిలో 21 రకాలు ఉన్నాయి. చూపు, వినికిడి, కాళ్లుచేతుల లోపాలతో పాటు ఆటిజం, మానసిక వ్యాధి, చదవడం రాయడంలో ఇబ్బంది, కండరాల క్షీణత, పార్కిన్సన్స్, తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్, కుష్ఠు నయమైనా మిగిలిపోయిన అంగలోపాలు, యాసిడ్ దాడి వల్ల కలిగిన వైకల్యం ఇందులో ఉన్నాయి. "మా అబ్బాయికి కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి కదా, వికలాంగుడు ఎలా అవుతాడు?" అని అడిగేవారు ఈ జాబితాను ఒకసారి చూడాలి.

వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ చట్టంలో ఉన్నాయి. బడిలో "మీ పిల్లవాడు మాకు కుదరడు" అంటే అది ఆ ఉపాధ్యాయుని ఇష్టం కాదు. మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉందేమో విచారించండి. అక్కడ ప్రత్యేక అవసరాలుగల పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ ఉంటాయి. ఇల్లు కదలలేని పిల్లలకు ఇంటి వద్దనే చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉంది.

మన పాఠానికి ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఈ చట్టం చూసుకునేవారిని కూడా పేర్కొంది. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, వికలాంగునికి సేవ, సహాయం చేసే తల్లిదండ్రులు, ఇంటివారు, ఇతరులు అందరూ ఆ నిర్వచనంలోకి వస్తారు. ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులను చూసుకునేవారికి భృతి ఇచ్చే పథకాలను ప్రభుత్వాలు పెట్టాలని 24వ సెక్షన్‌లో రాశారు. చట్టంలో రాయడం వేరు, చేతికి అందడం వేరు. కేరళ ప్రభుత్వం అంతకు ముందే ఆశ్వాసకిరణం పేరిట, మంచానపడినవారిని ఇంట్లో చూసుకునేవారికి నెలకు 600 రూపాయల సహాయం పెట్టింది. 600తో ఏమవుతుంది అనవచ్చు. ఇంట్లో చేసే సేవ కూడా పనే అని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం అందులో గొప్ప. మన రెండు రాష్ట్రాలలోనూ ఇది గట్టిగా అడగవలసిన విషయమే.

ఉద్యోగం చేసే తల్లుల గురించి 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. హిమాచల్ ప్రదేశ్‌లో ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు ఒకరికి ఎముకలు పెళుసుబారే జబ్బుతో పుట్టిన కొడుకు ఉన్నాడు. సెలవులన్నీ అయిపోయాయి, పిల్లల సంరక్షణ సెలవు ఇవ్వలేదు. ఉద్యోగంలో స్త్రీలు నిలబడడం రాజ్యాంగపరమైన అవసరమనీ, వికలాంగ పిల్లల తల్లుల కోసం ఈ సెలవు విషయాన్ని తిరిగి పరిశీలించాలనీ కోర్టు ఆ రాష్ట్రాన్ని ఆదేశించింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులలో వికలాంగులైన పిల్లలను ప్రధానంగా చూసుకునేవారిని మామూలు బదిలీల నుంచి మినహాయించవచ్చని 2014లోనే ఉత్తర్వు వచ్చింది. మీ ఇంట్లో ఇటువంటి ఉద్యోగి ఉంటే కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు.

కాగితం లేకపోతే ఏదీ లేదు

"డాక్టరు గారూ, మీరే ఒక సర్టిఫికెట్ రాసి ఇవ్వండి" అని మమ్మల్ని అడుగుతుంటారు. మేము ఇచ్చే చీటీ పింఛనుకు గాని రైలు రాయితీకి గాని పనికిరాదు. వైకల్య ధ్రువీకరణ పత్రం ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులే ఇవ్వాలి. మన ప్రాంతంలో దానిని ఏళ్ల తరబడి సదరం సర్టిఫికెట్ అంటున్నారు. దేశమంతటా చెల్లేలా ఇచ్చే గుర్తింపు కార్డు పేరు యూడీఐడీ. దరఖాస్తు ఎలా చేయాలో, పరీక్షకు తేదీ ఎలా తీసుకోవాలో ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో గాని మీసేవలో గాని, తెలంగాణలో మీసేవలో గాని అడిగితే చెబుతారు.

మేము చేయగలిగిన సహాయం ఏమిటంటే, పరీక్షకు వెళ్లేటప్పుడు మా వద్ద ఉన్న కేసు వివరాలు, స్కానింగ్ రిపోర్టులు, ఆపరేషన్ సమ్మరీ నకళ్లు ఇవ్వగలము. వాటిని ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తీసుకువెళ్లండి. పని అయిపోయిందని పారేయవద్దు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛన్లను తిరిగి పరిశీలించినప్పుడు, ఏళ్ల తరబడి పింఛను తీసుకుంటున్నవారు కూడా మళ్లీ పరీక్షకు వెళ్లవలసి వచ్చింది. ఇటువంటి సమయంలో పాత కాగితాలు దాచుకున్నవారికి తమ సంగతి చెప్పుకోవడం తేలిక. శాతం తక్కువ వేశారని మీకు అనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది.

పింఛను మొత్తాలు మారుతూ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతం వంటివాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 2023 జూలై నుంచి 4,016 రూపాయలు చేశారు. ఈ రెండు రకాల మధ్య తేడా తెలియక, మంచానపడిన మనిషికి మామూలు పింఛనే తెచ్చుకుంటున్న ఇళ్లు ఉండవచ్చు. మీ వీధిలో అలాంటివారు ఉంటే చెప్పండి. రైలులో వెంట వెళ్లే మనిషికి కూడా రాయితీ ఉంది. స్లీపర్ తరగతిలో వికలాంగునికి, తోడు వెళ్లేవారికి టిక్కెట్టు ధరలో 75 శాతం తగ్గిస్తారు. దానికి రైల్వేవారి నమూనాలో పత్రం కావాలి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఆ ట్రస్టువారి నిరామయ అనే ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు ఇస్తారు. వయసు పరిమితి లేదు, చేరడానికి ముందు వైద్య పరీక్షలు అడగరు. మామూలు బీమా కంపెనీలు తిప్పి పంపే పిల్లలకు ఇది ఎంతో మేలు. మానసిక ఎదుగుదల లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉంది. మన రాష్ట్రాలవారికి దగ్గరలోనే ఉన్న ఆ సౌకర్యాన్ని వాడుకోవాలి.

నడుము, నిద్ర, మనసు

ఇక ఇంటి పని. తాటిచెట్టు మీదినుంచి పడి వెన్నెముక దెబ్బతిన్న గీత కార్మికుడు కావచ్చు, పక్షవాతం వచ్చిన పెద్దాయన కావచ్చు, నడవలేని బిడ్డ కావచ్చు. చూసుకునేవారు మొదట నేర్చుకోవలసినది ఎత్తే పద్ధతి. వంగి, నడుముతో లాగి ఎత్తవద్దు. రోగికి బాగా దగ్గరగా నిలబడి, పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, తొడల బలంతో లేవాలి. ఎత్తిన తరువాత నడుము మెలి తిప్పకుండా పాదాలతోనే తిరగాలి. మంచం ఎత్తు, చక్రాల కుర్చీ ఎత్తు సమానంగా ఉంటే సగం కష్టం తగ్గుతుంది. మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు కదలకుండా పెడితే చాలు. గుంటపడిన నవారు మంచం మీద మనిషిని కదపడం ఇద్దరికీ శిక్షే. దాని మీద ప్లైవుడ్ చెక్క, ఆపైన మందమైన పరుపు వేయండి. పెద్దవారిని పక్కకు జరపాలంటే, కింద పరచిన దుప్పటిని రెండు వైపులా ఇద్దరు పట్టుకుని జరపడం మేలు. చంకల కింద చేతులు వేసి లాగితే, పక్షవాతం వచ్చిన వైపు భుజం జారిపోయే ప్రమాదం ఉంది.

పడుకునే ఉండేవారిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. కుర్చీలో కూర్చునేవారు పావుగంటకో అరగంటకో ఒకసారి బరువును ఒక వైపునుంచి ఇంకో వైపుకు మార్చుకోవాలి. స్నానం చేయించేటప్పుడు పిరుదులు, తుంటి, మడమలు చూడండి. ఎర్రగా గాని, నల్లని చర్మం అయితే ఇంకా నల్లగా గాని కమిలి, వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే అది పుండుకు తొలిమెట్టు. ఆ చోట అసలు ఒత్తిడి పడకుండా చూసి మాకు చూపించండి. పుండు పడిన తరువాత మానడానికి నెలలు పడుతుంది. వెన్నెముక దెబ్బ తగిలినవారిని కొన్నిసార్లు ఆ పుండే తీసుకుపోతుంది.

తినిపించడం ఇంకొకటి. బిడ్డను ఒడిలో వెల్లకిలా వేసుకుని, తల వెనక్కి వంచి, నోట్లో జావ పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. మింగడం సరిగా రాని బిడ్డకు ఆ జావ ఊపిరితిత్తులలోకి పోతుంది. మాటిమాటికీ నిమ్ము చేసే పిల్లలలో ఇది ఒక కారణం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా పట్టుకుని, చిన్న చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి. తిన్న తరువాత అరగంట అలాగే కూర్చోబెట్టి ఉంచాలి. ఒక పూటకు ముప్పావుగంట పడుతుంది. అంత సమయం ఆ తల్లికి ఎవరు ఇస్తారన్నదే అసలు ప్రశ్న.

రాత్రిళ్లు రెండు గంటలకొకసారి తిప్పాలంటే ఒక్క మనిషికి నిద్ర ఎక్కడిది? ఇంట్లో ఇద్దరు పెద్దవారు ఉంటే రాత్రిని రెండు భాగాలు చేసుకోండి. ఒంటిగంట వరకు ఒకరు, ఆ తరువాత ఇంకొకరు. మగవారు ఈ పని నేర్చుకోకూడదని ఎక్కడా లేదు! గాలి పరుపు ఉంటే ఎంతసేపటికొకసారి తిప్పాలో మా నర్సును అడగండి.

మనసు సంగతి. పడుకునే వీలు దొరికినా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, చిన్న విషయానికి బిడ్డను కొట్టి తరువాత కుమిలిపోవడం, "మేమిద్దరం ఒకేసారి పోతే బాగుండును" అనే తలంపు రావడం, ఇవి చెడ్డ తల్లి లక్షణాలు కావు. అలసట ముదిరి జబ్బుగా మారుతున్న లక్షణాలు. ముఖ్యంగా చివరి మాట ఎవరి నోట విన్నా ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సేవవారు పగలు రాత్రి ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకొక మనిషిని మరిచిపోతుంటాము, అక్క. తల్లి కూలికి పోతే తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానేసే పన్నెండేళ్ల అమ్మాయి. తమ్ముని పింఛను కాగితాలు సరిచేసే వేళ ఆమె బడి సంగతి కూడా అడగండి.

సంఘము ఏమి చేయగలదు

వేలూరులో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ గురించి మీలో కొందరు వినే ఉంటారు. 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. అప్పటికి యువ వైద్యురాలు. తరువాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. విదేశాలలో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, 1966లో వేలూరులో రోగులు ఉండి శిక్షణ పొందే పునరావాస కేంద్రం తెరవడానికి కారకులయ్యారు. ఆమె ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. మాకు అంతకంటే ముఖ్యంగా కనబడేది, ఆమె చుట్టూ ఉన్నవారు శస్త్రచికిత్స బల్లను, పనిని ఆమె కూర్చున్న ఎత్తుకు తగినట్టు మార్చడం. మార్చకపోతే ఆ ధైర్యం గది బయటే ఆగిపోయేది.

మన మందిరాల గుమ్మాల దగ్గర అదే చూడండి. ర్యాంపు కట్టామంటారు గాని, సైకిలు కూడా ఎక్కనంత ఏటవాలుగా ఉంటుంది. లెక్క ఇది: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆరు అంగుళాల మెట్లు మూడు ఉంటే పద్దెనిమిది అడుగులు కావాలి. స్థలం లేకపోతే మలుపు తిప్పి కట్టవచ్చు. తలుపు మూడు అడుగుల వెడల్పు ఉండాలి. లోపల ఒక బల్ల చివరి భాగం తీసివేస్తే చక్రాల కుర్చీ ఇంటివారి పక్కనే పడుతుంది. వెనుక గోడ దగ్గర విడిగా పెట్టనక్కరలేదు.

ప్రతి కూడికలో అదే బిడ్డను ముందుకు పిలిచి ప్రార్థన చేసి, ఏ మార్పూ రాకపోతే తల్లికి విశ్వాసం చాలలేదని అనడం గురించి తల్లులే మాకు చెప్పుకున్నారు. ప్రార్థించండి, ఎవరు వద్దన్నారు? ముందు తల్లిని అడిగి చేయండి. ఆమెను నిందించకండి. మూర్ఛ మాత్రలు మాత్రం ఏ సభ తరువాతా ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్లు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

బియ్యం, నూనె ఇచ్చే కుటుంబాలు ఉన్నాయి, సంతోషం. అంతకంటే కరువైనది సమయం. వారానికి ఒక రోజు రెండు గంటలు ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటే, తల్లి సంతకో, బ్యాంకుకో, తన వైద్యానికో వెళ్లివస్తుంది, లేదా ఊరికే నిద్రపోతుంది. స్త్రీల సమాజములో ఎనిమిది మంది ఉంటే ఇద్దరిద్దరుగా వెళ్లినా ఒక జతకు నెలకు ఒక్కసారే వంతు వస్తుంది. ఎప్పుడూ ఇద్దరే వెళ్లాలి, ఒక్కరు కాదు. అది బిడ్డ క్షేమానికీ మంచిది, వెళ్లేవారికీ మంచిది. మొదటి రెండు వారాలు తల్లి ఇంట్లో ఉండగానే వెళ్లి తినిపించడం, తిప్పడం, మూత్రానికి కూర్చోబెట్టడం నేర్చుకోండి. ఫిట్సు వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తేవాలని తెలిసి ఉండాలి. నేర్చుకోదలచినవారికి మా ఫిజియోథెరపీ విభాగంలో చూపిస్తాము.

వికలాంగులు తామే సంఘాలుగా కూడితే ఇంకా బలం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు, తరువాత ఇందిరా క్రాంతి పథం క్రింద గ్రామాలలో వికలాంగుల స్వయం సహాయక సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. మీ మండలంలో అలాంటి సమాఖ్య నడుస్తుంటే అక్కడికి వెళ్లండి. కార్యాలయంలో ఒక్కరు అడిగితే రేపు రమ్మంటారు, ఇరవై మంది వెళితే కుర్చీ వేస్తారు.

మా తరువాత ఎవరు?

వయసు మళ్లిన తల్లిదండ్రులందరూ మమ్మల్ని ఆఖరున అడిగే ప్రశ్న ఇదే. మానసిక ఎదుగుదల లోపం ఉన్న కొడుకో కూతురో 18 ఏళ్లు దాటితే, చట్టం దృష్టిలో పెద్దవారే. తల్లిదండ్రులు తమంతట తామే సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి, చట్టబద్ధ సంరక్షకులుగా నియామకం పొందాలి. సంరక్షకుడు ఆస్తికి యజమాని కాడు. అతను ఆస్తి వివరాలను, లెక్కలను కమిటీకి చూపాలి. సరిగా చూడకపోతే తొలగించమని కోరవచ్చు. తల్లిదండ్రులు బతికి ఉండగానే, ఓపిక ఉండగానే ఈ పని చేసుకోవడం మంచిది.

ప్రభుత్వ ఉద్యోగి పిల్లలలో సంపాదించుకోలేనంత వైకల్యం ఉన్నవారికి, నిబంధనలకు లోబడి, జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఉద్యోగంలో ఉండగానే, లేకపోతే కనీసం పదవీ విరమణ కాగితాలలోనైనా ఆ పేరు, వైకల్య ధ్రువీకరణ పత్రం నమోదు చేయించండి. తండ్రి పోయిన తరువాత చదువురాని తల్లి ఆ కాగితాల కోసం తిరగడం ఎంత కష్టమో మేము చూస్తున్నాము.

తోబుట్టువులతో కూడా ముందే మాట్లాడండి. పెళ్లైన కూతురు అల్లుడిని అడగకుండా, "తమ్ముణ్ణి నువ్వే చూసుకోవాలి" అని ఆమె మీద వేసేస్తారు. అడిగితే ఆమె ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తనే చెబుతుంది. ఆ యువకుడికి మాట వస్తే అతనినీ అడగండి. ఎవరి దగ్గర ఉండడం ఇష్టమో అతనికి తెలుసు. అతని బ్యాంకు పుస్తకం, యూడీఐడీ కార్డు, వేసుకునే మాత్రల పేర్లు, ఏమి తింటాడో, దేనికి భయపడతాడో ఒక నోటుపుస్తకంలో రాసి ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. రాయడం రాకపోతే మా సామాజిక కార్యకర్త దగ్గరకు రండి, మీరు చెబుతుంటే ఆమె రాస్తారు.